పడవలో ముందు సీటు

మా తోడల్లుడు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మళ్ళీ మధ్యలో ఎవరైనా గుర్తు చేస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. నెమ్మదస్తుడు, గొంతెత్తి మాట్లాడడు, పక్కింటి కుక్క కూడా వాణ్ణి చూస్తే తోకాడిస్తుంది. చుట్టాల్లో ఎవరిని కదిపినా "చిన్నల్లుడు బంగారం" అంటారు. పెద్దల్లుణ్ణి నేను. నేను ఏ లోహమో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

వాడు కట్టుడుపళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టర్ల దగ్గర్నుంచి నోటి అచ్చులు వస్తాయి, వాటిని పట్టి వాడు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాడు. ఇరుకు గది, కిటికీ పక్కన బల్ల, బల్ల నిండా ముఖాలు లేకుండా నవ్వే పళ్ళు. "పొద్దస్తమానం వాటి మధ్య కూర్చుని కూర్చుని మా ఆయనకి మాటలే తగ్గిపోయాయి" అంటుంది మా మరదలు. తగ్గితే మంచిదే. మాటలు ఎక్కువైతే ఇంకెంతమందిని బుట్టలో వేసుకునేవాడో!

నాకూ వాడికీ ఆస్తి తగాదాలు లేవు. పెట్టుపోతల గొడవలు లేవు. ఉన్నదల్లా ఒక్క సీటు. మా మామగారి పడవలో ముందు సీటు.

మామగారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఊరి చివర రిజర్వాయరులో గాలం వేయడానికి ఆయనకో చిన్న ఫైబరు పడవ ఉంది. వెనక ఆయన, ముందు ఇంకొకరు, అంతే. మూడో మనిషి కాలు పెడితే నీళ్ళు అంచు దాటి లోపలికి వస్తాయి. నా పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం పొద్దున్నే ఆయన చెప్పులు వేసుకుంటూ "వస్తావా అల్లుడూ?" అన్నారు. వెళ్ళాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్ళాను. అడగడం ఆయనా మానేశారు, రానని నేనూ ఎప్పుడూ అనలేదు.

మా నాన్న నాకు ఫోటోలోనే తెలుసు. మోటార్లకు రాగి తీగ చుట్టే పని నాది. అది కూడా తిట్లు తింటూ, మొట్టికాయలు తింటూ దొంగచాటుగా చూసి నేర్చుకున్నదే తప్ప ఒకరు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది కాదు. చేయి పట్టుకుని నాకు ఏదైనా నేర్పిన మనిషి మామగారొక్కరే. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలని ఆయనే చెప్పారు. గాలానికి కట్టిన సీసం గుండు అడుగుకు తగిలాక దారం మీద చూపుడువేలు ఎలా ఆనించాలో నా వేలు పట్టుకుని చూపించారు. "కళ్ళతో కాదు అల్లుడూ, వేలితో చూడాలి. చేప ఎరని వాసన చూసినా నీ వేలికి తెలియాలి" అనేవారు. ఆ సీట్లో కూర్చున్నంతసేపూ నేను ఆయన అల్లుణ్ణి కాదు, కొడుకుని. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు. మగాడన్నవాడు ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాడు?

తర్వాత మా మరదలి పెళ్ళైంది. కొత్తల్లుడు మొదటిసారి వచ్చి, భోజనాల దగ్గర "చేపలకి నిద్ర ఉంటుందా మామయ్యా?" అని అడిగాడు. ఇల్లంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. వీడి వల్ల నా సీటుకి ఢోకా లేదని ఆ రోజు హాయిగా నిద్రపోయాను కూడా.

కొంపలో నిప్పు పెట్టేవాళ్ళు ఇలాంటి ప్రశ్నలే అడుగుతారని నాకేం తెలుసు?

నిరుడు ఒక ఆదివారం మేం బయల్దేరుతుంటే వాడొచ్చాడు. జేబులోంచి వేలెడంత రబ్బరు చేపని తీశాడు. పనిగదిలో అచ్చు చేసుకుని, మెత్తటి ప్లాస్టిక్ కరిగించి తనే పోశాడట. తోక చివర చిన్న తెడ్డులా ఉంది. బకెట్లో నీళ్ళు పట్టి, దాన్ని దారానికి కట్టి లాగితే ఆ తోక టపటపా కొట్టుకుంది. మామగారు బకెట్ ముందు గొంతుక్కూర్చుండిపోయారు. "మళ్ళీ లాగు! ఇంకోసారి లాగు!" అంటూ ఒకటే సంబరం. నేను మాత్రం పొద్దున్నే మట్టి తవ్వి తెచ్చిన వానపాముల డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. నావైపు చూసినవాళ్ళు లేరు.

ఆ వారంలోనే మామగారు మా ఇద్దర్నీ గాలాల కొట్టుకి తీసుకెళ్ళారు. కొట్టాయన్ని అందరూ కొక్కెం బాబాయి అంటారు. గోడ నిండా గాలం వేసే రాడ్లు నిలబెట్టి, గాజు బీరువాలో రంగురంగుల రబ్బరు పురుగులు, చేపపిల్లలు, పీతలు పేర్చి ఉంటాయి. మా తోడల్లుడు అక్కడ చేసిన హడావిడి చూడాల్సిందే. పెళ్ళిచూపుల్లో కూడా వాడు అంత పరీక్షగా చూసి ఉండడు. ఒక్కో రబ్బరు చేపనీ వేళ్ళ మధ్య నొక్కాడు, తోక పట్టి ఊపాడు, బాబాయి తాగే నీళ్ళ గ్లాసు అడిగి తీసుకుని అందులో ముంచి తిప్పాడు. చివరికి అన్నిట్లోకీ మెత్తటివి, తోక పెద్దవి ఏరి పక్కన పెట్టాడు.

"ఇంత మెత్తవెందుకయ్యా, రెండు చేపలు కొరికితే చిరిగిపోతాయి. గట్టివి తీసుకో, మన్నుతాయి" అన్నాను.

"మెత్తగానే ఉండాలి అన్నయ్యా. గట్టిగా ఉంటే చేప వెంటనే ఉమ్మేస్తుంది. ఇదైతే నిజం పురుగనుకుని కాసేపు నోట్లో పెట్టుకుంటుంది."

"చేప ఉమ్మేసేలోపు లాగలేనివాడు గాలం పట్టడం దేనికి? ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు" అని నేను కొట్టంతా వినపడేలా అన్నాను. బాబాయి కిసుక్కున నవ్వాడు. మామగారు మాత్రం గోడకున్న రాడ్ల వైపు తిరిగారు.

రాడ్డు ఎంచడం ఇంకో తమాషా. బాబాయి సన్నటి రాడ్లు వరసగా తీసి ఇస్తుంటే, వీడు వాటి మొదలు మామగారి ముంజేతికి ఆనించి, "కళ్ళు మూసుకోండి మామయ్యా" అని, కొసమీద గోటితో సుతారంగా గీశాడు. "తెలిసిందా?" అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంకోటి. మళ్ళీ అడ్డంగా. ఇలా గోడ సగం ఖాళీ అయ్యాక ఒక రాడ్డు దగ్గర ఆయన కళ్ళు మూసుకునే నవ్వారు. పుల్లలా ఉంది అది, నా చెయ్యి తగిలితే విరిగేట్టుంది. దానికి తోడు పసుప్పచ్చ రంగు దారం! ఎండలో ఆమడ దూరం నుంచి మెరిసిపోయే దారం. చేపలకి కళ్ళు లేవనుకున్నాడా? ఆ మాటే అడిగాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడు అలా నవ్వి ఊరుకుంటాడు చూడండి, అప్పుడే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కొట్టు మెట్లు దిగుతూ మామగారు నా వైపు చూడకుండా అన్నారు. "ఈ ఆదివారం చిన్నల్లుడితో వెళ్తాను. కొత్త రాడ్డు కదా, వాడైతే చూసి చెప్తాడు."

"దానికేం మామయ్యా, వెళ్ళండి" అన్నాను. ఆ మూడు మాటలూ గొంతులోంచి ఎలా బయటికొచ్చాయో నాకే తెలియదు.

ఆ ఆదివారం వెళ్ళారు. మరుసటి ఆదివారమూ వెళ్ళారు. ఇక అదే అలవాటైపోయింది. నేను ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని, గాలం వేసినట్టు నటిస్తూ, వాళ్ళ పడవనే చూసేవాణ్ణి. నా సీట్లో కూర్చుని వాడు ఏదో అంటాడు, ఆయన భుజాలు కదిలేలా నవ్వుతారు. ఏమన్నాడో వినపడదు. వినపడకపోతే ఇంకా మంట. చేపలు కూడా పడేవి, దరిద్రం! ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

మా ఆవిడ కొన్నాళ్ళు చూసింది. ఆ తర్వాత అననే అంది. "ఏవండీ, పెళ్ళైన కొత్తలో నేను మా మేనబావతో గంటలు గంటలు నవ్వుతూ కూర్చున్నా మీకు చీమ కుట్టినట్టైనా లేదు. ఇప్పుడేంటి, మా నాన్న కోసం ఇలా చిక్కిపోతున్నారు?"

"నాకేం అసూయ లేదు."

"నేను అసూయ అన్నానా?" అని నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.

సరే, రబ్బరు చేపలే కావాలా, నేనూ తెస్తాను అనుకున్నాను. బాబాయి కొట్టుకి ఒక్కణ్ణే వెళ్ళి, బీరువాలో ఉన్న రకాలన్నీ తీయించాను. మామూలు మెత్తవి తీసుకున్నాను. వాటితోపాటు ఎంత లాగినా తెగకుండా సాగే కొత్తరకం కూడా తీసుకున్నాను. తోడల్లుడివి చిరిగిపోతుంటే నావి చెక్కుచెదరకుండా ఉండాలి కదా! బాబాయి ఏదో చెప్పబోయాడు. "ఆ సాగేవి వాటి కవర్లోనే ఉంచండి, వేరేవాటితో కలపకండి..." 

"నాకు చెప్తావేంటి బాబాయ్, నువ్వు కొట్టు పెట్టకముందు నుంచి గాలం వేస్తున్నా" అన్నాను. ఆయన నోరు మూసుకున్నాడు. ఇవి కాక రెండు గట్టి రాడ్లు, నీళ్ళలో కనపడని తెల్ల దారం కూడా కొన్నాను.

నా షాపులో తీగ ముక్క కూడా చెల్లాచెదురుగా పడి ఉంటే నేను ఓర్చుకోను. దేని అర దానిదే. ఇంటికి రాగానే ఆ రబ్బరు చేపల్ని కవర్లలోంచి తీసేసి, కొత్త పెట్టెలో రంగుల వారీగా సర్దాను. ఎరుపు పక్కన ఎరుపు, పచ్చ పక్కన పచ్చ. మెత్తవీ సాగేవీ చక్కగా కలిసిపోయి, చూడ్డానికి ముచ్చటేసింది. రెండు మాత్రం అరలో పట్టక, కవర్లోనే ఉంచి, ఆదివారం వేసుకెళ్ళే చొక్కా జేబులో పడేశాను. తర్వాత మా అత్తగారి దగ్గరికెళ్ళి, "ఏం అత్తయ్యా, మీ ఇంట్లో పెద్దల్లుడు ఒకడున్నాడని మామయ్యకి గుర్తుందా?" అన్నాను. ఆ పూటే మామగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఆదివారం మనిద్దరం వెళ్దాం అల్లుడూ."

"మీరేం తేవద్దు మామయ్యా. ఆ పుల్లా, ఆ పసుపు దారం అసలే వద్దు. అన్నీ నేనే తెస్తాను."

"సరే, నీ ఇష్టం" అన్నారు.

ఆదివారం పొద్దున్న ముందు సీట్లో కూర్చుంటే ఒళ్ళంతా తేలికైపోయింది. ఒడ్డున మా తోడల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, సాగనంపడానికి వచ్చాడట. వాడు చూస్తుండగా పెట్టె తీసి గొప్పగా మూత తెరిచాను. ఏముంది అందులో? రంగులు లేవు, చేపలు లేవు. అన్నీ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసి ఒక్క జిగురు ముద్దైపోయాయి. వేలు పెడితే పెట్టె అడుగు కూడా మెత్తబడి ఉంది. ఆ రెండు రకాలకీ ఒకదానికొకటి పడదట, తగిలితే కరిగిపోతాయట. బాబాయి చెప్పబోయింది అదే. మామగారు నవ్వి నవ్వి పొలమారి, పడవ అంచు పట్టుకున్నారు. నేను పళ్ళు నూరుకుంటూ పడవని లోపలికి నడిపాను.

జేబులో ఉన్న రెండూ సాగేరకం. వాటినే కొక్కేలకి గుచ్చి ఇద్దరం వేశాం. గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. కాసేపటికి మామగారి రాడ్డు కొస చిన్నగా వణికింది. చేప ముట్టుకుంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన దూరంగా నీళ్ళ వైపు చూస్తున్నారు. వేలు దారం మీదే ఉంది. కొస మళ్ళీ వణికింది. ఆయన కదల్లేదు.

"మామయ్యా, లాగండి! నిద్రపోతున్నారా ఏంటి?"

ఉలిక్కిపడి లాగారు. ఉత్త రబ్బరు చేపే పైకొచ్చింది. మళ్ళీ వేశారు, మళ్ళీ అదే. మూడోసారి నేను విసుక్కున్నాను. "ఏంటి మామయ్యా ఇది? నాకు నేర్పింది మీరేనా అసలు?"

ఆయన దారం చుట్టుకుని, కొక్కెం సరిచేస్తూ వాతావరణం గురించి ఏదో మాట్లాడటం మొదలుపెట్టారు. పడవ అడుగున ఎర్రటి చుక్క పడింది. ఇంకోటి పడింది. చూస్తే కొక్కెం మొన ఆయన చూపుడువేలులో దిగి ఉంది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"మామయ్యా, వేలు!"

ఎవరి వేలో చూసినట్టు చూసుకున్నారు. "అయ్యో" అన్నారు, నొప్పి వల్ల కాదు, పట్టుబడినందుకు.

నేను ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కొక్కెం మెల్లగా తీశాను. ఆయన ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఎప్పట్నుంచి?"

"నిరుటి నుంచి. షుగరు కదా. ముందు కాళ్ళు, తర్వాత వేళ్ళు. ముంజెయ్యి బాగానే ఉంది. వేళ్ళకే ఏదీ తెలీదు."

"చిన్నోడికి తెలుసా?"

"వాడే కనిపెట్టాడు. పళ్ళు కట్టించుకోడానికి వెళ్తే, వేడి మైనం చేత్తో పట్టుకుని కబుర్లు చెప్తూ కూర్చున్నానట. కాలుతోంది మామయ్యా అని వాడే అరిచాడు."

నాకు కొట్టులో ఆయన గోడ వైపు తిరిగిన తీరు కళ్ళముందుకొచ్చింది. అయినా నా నోటి నుంచి వచ్చింది ఓదార్పు కాదు. "వాడికి చెప్పి నాకెందుకు చెప్పలేదు? నేను పరాయివాణ్ణా?"

"నీకెలా చెప్పమంటావ్ అల్లుడూ? వేలితో చూడమని నీకు చెప్పినవాణ్ణి నేను. నీ ముందు ఇలా కూర్చోవాలంటే సిగ్గేసింది. వాడికేం, వాడు నన్ను బాగున్నప్పుడు చూడలేదుగా."

నేను పడవని ఒడ్డు వైపు తిప్పాను. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రెండిటి కిందా సిగ్గులేని అసూయ మళ్ళీ తలెత్తింది. ఆయన బలం చూసే వంతు నాకొచ్చింది, నిజమే. ఆయన బలహీనత చూసే చనువు మాత్రం వాడికి దక్కింది. దక్కాల్సింది నాకు కదా!

సాయంత్రం వాడి పనిగదికి వెళ్ళాను. వాడు లేచి స్టూలు జరిపాడు. "చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు అన్నయ్యా" అన్నాడు నేను అడక్కుండానే.

"ఒట్టు సంగతి వదిలెయ్. ఆ రాడ్డు కథేంటో చెప్పు."

చెప్పాడు. పుల్లలాంటి రాడ్డైతే చేప ముట్టుకోగానే అదంతా వణుకుతుంది, ఆ వణుకు ముంజేతికి తెలుస్తుంది. పెద్ద తోకైతే లాగినంతసేపూ టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, ఆ దెబ్బ ఆగిందంటే చేప పట్టుకున్నట్టే. దారం రంగు కంటికోసం, వేలు చెప్పనిది కన్ను చెప్పాలని. మరీ మెత్తటి ప్లాస్టిక్ ఎందుకంటే, చేప ఉమ్మేయడానికి ఆలస్యమైతే ఆయన ఆలస్యం సరిపోతుందని. నేను కొట్టులో వెక్కిరించిన ప్రతి దానికీ వాడి దగ్గర ఒక కారణం ఉంది. శభాష్ అనాలనిపించింది. అనే బదులు బల్ల మీదున్న పళ్ళ వరస ఒకటి తీసి చూసి, మళ్ళీ పెట్టేశాను.

"వచ్చే వారం నుంచి మీరే వెళ్ళండి అన్నయ్యా. ఇప్పుడు మీకూ తెలిసిపోయిందిగా. ఆ సీటు మొదట్నుంచీ మీదే."

నా సీటు! నా కాళ్ళ దగ్గరికే వచ్చి పడింది. ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాను. కానీ నేనెక్కితే ఆయన ఎలా కూర్చుంటారో నాకు తెలుసు. నా కళ్ళు రాడ్డు కొసమీద ఉన్నాయా, తన వేలిమీద ఉన్నాయా అని చూసుకుంటూ కూర్చుంటారు. చేపని మర్చిపోతారు.

"వద్దులే. నువ్వే వెళ్ళు" అన్నాను. వాడు ఇంకేదో అనేలోపే గది దాటేశాను. 

మరుసటి ఆదివారం పడవని నీళ్ళలోకి నేనే నెట్టాను. మోకాళ్ళదాకా దిగి మరీ నెట్టాను. వాడు ముందు సీట్లో సర్దుకుని కూర్చుంటుంటే చూడలేక తల తిప్పుకున్నాను. మంచిపని చేస్తే మనసు చల్లబడుతుందంటారే, అంతా అబద్ధం. ఒడ్డెక్కి ప్యాంటు పిండుకుంటూ, వాళ్ళు నవ్వుకోవడం చూస్తూ, ఎప్పటిలాగే ఉడికిపోయాను.

ఎండ ఎక్కింది. మామగారు రాడ్డు వేస్తున్నారు, లాగుతున్నారు. ఒక్కసారిగా ఆయన ముంజెయ్యి పైకి లేచింది. తనే లాగారు, ఎవరూ చెప్పలేదు. రాడ్డు సగానికి వంగిపోయింది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. చాలాసేపు ఆ చేప ఆయన్ని అటూ ఇటూ తిప్పింది. మా తోడల్లుడు వల చాపి, చేపని ఎత్తి, కొక్కెం తీసి, రెండు చేతులతో ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆయన ముఖంలోకి చూస్తూ ఆగాడు.

మామగారు వాడి వైపు చూడలేదు. కూర్చున్నచోటే వెనక్కి, ఒడ్డువైపుకి, నా వైపుకి తిరిగారు. పడవ ఊగిపోతున్నా లెక్కచేయకుండా చేపని నెత్తిమీదికి ఎత్తారు.

"అల్లుడూ! చూశావా? నేనే లాగాను! చూశావా?"

బళ్ళో బహుమతి వచ్చిన పిల్లాడు ఇంటి గుమ్మంలోంచే అరుస్తాడు, అలా అరిచారు. ఆయన భుజం పక్కనుంచి మా తోడల్లుడు కనిపించాడు. ఖాళీ వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రాడ్డు వాడు ఎంచింది, దారం వాడు ఎంచింది, ఆ రబ్బరు చేపని పోసింది వాడు. చేపని చూపించింది మాత్రం నాకు. వాడి ముఖం మాడిపోయింది. ఆ నవ్వి ఊరుకునే ముఖం ఎక్కడికి పోయిందో పోయింది. అలా మాడిన ముఖాన్ని నేను రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. పాపం అనిపించలేదా అంటే, అబ్బే, ప్రాణం లేచొచ్చింది.

"చూశాను మామయ్యా! చూశాను!" అని రిజర్వాయరు దద్దరిల్లేలా అరిచాను, వాడికి కూడా బాగా వినపడాలని.